ఇసుక లేని హౌజు

దర్గాలో ఉండే గురువు మౌలాలి తాత నోటి వెంట తన గురించి ఒక్క మంచి మాట వినాలని నాగూరయ్య కోరిక. కోరిక చిన్నదే. తాత దగ్గర చేరి ఇన్నేళ్ళయినా అది మాత్రం తీరలేదు.

తాత అసలే తక్కువ మాట్లాడే మనిషి అని సర్దుకుందామంటే అదీ కుదరదు. దర్గాలో వంట చేసే సుంకన్నకు మాత్రం మంచి మాటలు ధారాళంగా దొరికేవి. సుంకన్న అన్నం పలుకు మీద దించేస్తే, "ఈ పొద్దు మెతుక్కీ మెతుక్కీ పొత్తు లేకుండా బాగుండాది సుంకా" అనేవాడు తాత. మరునాడు అదే అన్నం సంకటిలా ముద్ద కడితే, "పండ్లు లేనోళ్ళను తల్చుకొని వండినావు, సల్లగుండు" అనేవాడు. మాడితే ఆ మాడు వాసనకే ఇంకో ముద్ద ఎక్కువ పోతుందనేవాడు. ఆ పూట సుంకన్న ముఖం చూడాలి, పెళ్ళికొడుకు కూడా పనికిరాడు.

మాడిన అన్నం మింగడం నాగూరయ్యకు పెద్ద కష్టం కాదు. ఆ మెచ్చుకోలు మింగడమే కష్టంగా ఉండేది.

అతను అంతకుముందు పట్నంలో మేస్త్రీ. పెద్ద పెద్ద మేడలకు స్లాబులు పోయించినవాడు. ఒక ఏడు ఉరుసుకు వచ్చి, తాత ఎదుట కాసేపు కూర్చుని, లేవబుద్ధి కాక అక్కడే ఉండిపోయాడు. దర్గా ప్రహరీ అతను కట్టిందే. పడసాలలో గచ్చు అతను చేసిందే. నీళ్ళు పోస్తే ఒక్క చుక్క నిలవకుండా వాలుకు జారిపోయేంత నున్నగా ఉండేది ఆ గచ్చు. అది పూర్తయిన రోజు తాత దాని మీద అటూ ఇటూ నడిచి, "ఊఁ" అన్నాడు. నాగూరయ్యకు ఇన్నేళ్ళలో దక్కిన సంపాదన అంతా కలిపితే అలాంటి "ఊఁ"లే.

సుంకన్న సంగతి వేరు. ఊళ్ళో ఎవరూ పనికి పిలవని మనిషి. మొదట వచ్చినప్పుడు ఎవరైనా గట్టిగా పలకరిస్తే చేతిలో గరిటె కింద పడేసేవాడు. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పినట్టు లోగొంతుతో చెప్పి తప్పుకునేవాడు. ఇవన్నీ నాగూరయ్యకు తెలుసు. తెలిస్తే మాత్రం అసూయ ఊరుకుంటుందా?

ఆ దర్గా బండల గనుల సీమలో ఉంది. ఊరి చుట్టూ నాపరాయిని కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. కోయగా మిగిలిన బండ ముక్కలు, అరగదీసేటప్పుడు కారిన తెల్లటి రాతి బురద, దారికి రెండు వైపులా గుట్టలు గుట్టలుగా పడి ఉండేవి. గాలి తిరిగిందంటే ఊరంతా పిండి మిల్లు నుంచి వచ్చినట్టు కనిపించేది. దర్గా వెనక ఒక వంక. వానాకాలం నాలుగు నాళ్ళు పారి, మిగతా ఏడంతా ఇసుకతో పడి ఉంటుంది. ఆ ఇసుకలో గుంట తవ్వితే నీళ్ళు ఊరతాయి. చెలమ అంటారు దాన్ని. దర్గాకూ ఊరికీ తాగే నీళ్ళు ఆ చెలమలోవే.

నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే పాత హౌజు ఆ ఏడు వానలకు కూలిపోయింది. ఉరుసు లోపు కొత్త నీళ్ళ తొట్టి కట్టాలి. దర్గా వ్యవహారాలు చూసే ముతవల్లి ఖాజా సాహెబు సిమెంటు తెప్పించాడు, కంకర తోలించాడు. ఇసుక కోసం మాత్రం ఎక్కడికీ పోనక్కర్లేదనుకున్నాడు. గోడ అవతలే వంక ఉందాయె.

"వంకలో పిడికెడు కూడా తీయొద్దు" అన్నాడు తాత.

"మన వంక, మన ఇసుక, మన హౌజు" అన్నాడు ఖాజా సాహెబు. "రెండు ట్రాక్టర్లు తీస్తే తరిగిపోతాదా తాతా?"

"పైనున్న ఊళ్ళోళ్ళు కూడా అట్లనే అనుకొని తీసినారు. కిందటేడు చెలమలో చేత్తో ముంచుకొనేటోళ్ళం. ఈ యేడు చెంబుకు తాడు కట్టి దించుతున్నాం."

ఖాజా సాహెబు చెడ్డవాడు కాదు, కాకపోతే పని జరగాలి అతనికి. ఉరుసుకు వేలమంది వస్తారు, కాళ్ళు కడుక్కోవడానికి చెంబులిచ్చి ఎవరెవరిని నిలబెడతావని అడిగాడు.

"ఇసుక లేకుండా కడతా" అన్నాడు నాగూరయ్య.

అనాలని అనుకోలేదు. నోరు జారింది. అందరూ తనవైపు తిరిగేసరికి మాట వెనక్కి తీసుకోవడానికి పౌరుషం అడ్డొచ్చింది. "మన ఊరి చుట్టూ ఇంత చెత్త పడి ఉండాది గదా. రాతిపొడి, పెంకులు, సీసాలు. దాంట్లో ఏదో ఒకటి ఇసుక పని చేయకపోతాదా?"

"ఉప్పు లేకుండా ఊరగాయ పెడతానన్నట్టుందప్పా" అని నవ్వాడు ఖాజా సాహెబు. "సరే, చూడు. ఉరుసు నెల పుట్టేదాకా ఓపిక పడతా. నీ చేత కాకపోతే ట్రాక్టరు వంకలో దిగుతాది. అప్పుడు తాత కోప్పడినా నేను చేసేదేం ల్యా."

నాగూరయ్య తాత వైపు చూశాడు. వంకను కాపాడతానని ముందుకొచ్చిన శిష్యుడికి ఇప్పుడైనా ఏదో ఒక మాట అనకపోతాడా అని. తాత మజ్జిగ తాగుతున్నాడు. "పుల్లగా ప్రాణం లేసొచ్చేట్టుంది సుంకా" అన్నాడు.

మొదట రాతి బురదతో మొదలుపెట్టాడు నాగూరయ్య. అది కావలసినంత ఉంది, అడిగే దిక్కు లేదు. ఎండబెట్టి, చిదిపి, ఇసుకకు బదులు సిమెంటు కంకరలతో కలిపాడు. ఆ పొడి ముఖానికి రాసుకునేంత మెత్తన. ఎన్ని నీళ్ళు పోసినా తాగేసి ఇంకా ఇంకా అంది. అచ్చులో పోసిన దిమ్మె ఆరాక చూస్తే, ఎండిన చెరువులా పర్రెలు విచ్చింది.

తరవాత విరిగిన కుండలు, ఇంటి పెంకులు నలగ్గొట్టాడు. ఆ రోజుల్లో ఊళ్ళో అతను కనిపిస్తే ఆడవాళ్ళు మంచి కుండలు కూడా లోపల పెట్టుకున్నారు. పెంకు దిమ్మె చూడ్డానికి ఎర్రగా ముచ్చటగానే ఉంది గానీ, గోరు పెట్టి గీరితే రాలింది. వరి పొట్టు బూడిద కలిపి చూస్తే అది సిమెంటు మాలుతో కలవకుండా పైకి తేలి కూర్చుంది. కిందటి ఉరుసులో జనం వదిలిపోయిన పన్నీరు సీసాలు పొడి కొట్టి పోశాడు. ఆ దిమ్మె ఎండలో తళతళా మెరుస్తుంటే కాసేపు మురిసిపోయాడు కూడా. చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కునే చోట గాజు పరిచేవాణ్ణి ఏమంటారో ఆ తరవాత తట్టింది. తనలో తానే నవ్వుకున్నాడు.

విచిత్రం ఏమిటంటే, ఇన్ని దిమ్మెలు పాడైనా అతనికి విసుగు రాలేదు. పదేళ్ళు స్లాబులు పోయించాడు గానీ ఇసుక ఎందుకు పోస్తారని ఒక్కనాడూ అనుకోలేదు. ఇప్పుడు దారిలో ఏది కనిపించినా వంగి తీసి, వేళ్ళ మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. కోడిగుడ్డు డొల్ల, సైకిలు దుకాణం ముందు ఇనుప రజను, ఇటుక బట్టీ మసి, దేన్నీ వదల్లేదు. ఊళ్ళో జనం నాగూరయ్యకు గాలి సోకిందన్నారు.

పాడైన దిమ్మెలను తాత ఒక్కటీ పారేయనివ్వలేదు. పగుళ్ళ దిమ్మెను కోళ్ళ గంప మీద బరువు పెట్టాడు. ఎర్ర దిమ్మెను తలుపుకు ఒత్తు పెట్టాడు. గాజు దిమ్మెను దీపం గూట్లో పెట్టి, వెలుగు ఎట్లా పడుతుందో కాసేపు చూశాడు. చూస్తున్నంతసేపూ నాగూరయ్య అక్కడే నిలబడ్డాడు. "ఊఁ" అని తాత వెళ్ళిపోయాడు.

ఒకనాడు నాగూరయ్య ఉండబట్టలేక అడిగాడు. "తాతా, ఇసుకకు బదులు ఏం పోస్తే సరిపోతాది?"

"ఇసుక ఏం పని చేస్తాది?"

"రాయికీ రాయికీ నడుమ సందు నింపుతాది."

"అంతేనా?"

"అంతే గదా మరి."

"పోయి దాన్నే అడుగు" అని తాత వంక వైపు చెయ్యి చూపించాడు.

ఇది ఎగతాళో ఉపదేశమో నాగూరయ్యకు అంతు పట్టలేదు. గురువు చెప్పాడు కాబట్టి వెళ్ళి చెలమ పక్కన కూర్చున్నాడు. పిడికెడు ఇసుక తీసి అరచేతిలో పరిచాడు. జీవితంలో ఎన్ని లారీల ఇసుక దింపించుకున్నాడో లెక్కే లేదు, కళ్ళ దగ్గర పెట్టుకుని చూడటం మాత్రం అదే మొదలు.

అన్నీ ఒకేలా ఉంటాయనుకున్నాడు. ఏ రెండూ ఒకేలా లేవు. మిరియపు గింజంతవి కొన్ని, గసగసాలంతవి కొన్ని, కంటికి ఆననివి కొన్ని. పెద్దవి ఒరుసుకున్న చోట మిగిలిన ఖాళీలో చిన్నవి దూరి ఉన్నాయి. ఆ చిన్నవాటి నడుమ ఇంకా చిన్నవి ఉన్నాయి. పిడికిలి బిగిస్తే అన్నీ కదిలి, సర్దుకుని, ఒకదానికొకటి చోటిచ్చుకున్నాయి.

నాగూరయ్య లేచి ఇసుక దులుపుకుని, మళ్ళీ కూర్చుని, మళ్ళీ పిడికెడు తీశాడు. రాతిపొడి ఎందుకు విచ్చిందో అప్పుడు అర్థమైంది. అదంతా ఒకటే మెత్తన. పెద్దా చిన్నా తేడా లేదు. సందు నింపేవాళ్ళే గానీ సందు ఇచ్చేవాళ్ళు దాంట్లో లేరు.

వెనక్కి పరిగెత్తి సుంకన్న పిండి జల్లెడ, రవ్వ జల్లెడ రెండూ ఎత్తుకుపోయాడు. నాపరాయి ముక్కలను సమ్మెటతో నలగ్గొట్టి జల్లించి, ముతకా సన్నమూ వేరు వేరు కుప్పలు పోశాడు. ఆ కుప్పలను ఒక పాళ్ళలో కాకపోతే ఇంకో పాళ్ళలో కలుపుతూ, చేతిలో పిడికిలి బిగించి చూస్తూ, ఇసుకలా సర్దుకునేదాకా వదల్లేదు. రాతి బురద కూడా చిటికెడు పట్టింది, చివరి సందుల్లోకి. ఆ జల్లెడను సరిగ్గా కడిగి ఇచ్చాడో లేదో గానీ, ఆ పూట రొట్టెల్లో రాయి తగిలింది.

"కరకరమని బాగుండాది సుంకా" అన్నాడు తాత.

ఈసారి దిమ్మె ఆరి, రోజూ పోసిన నీళ్ళకు తడిసి, గట్టిపడ్డాక సుత్తితో కొడితే ఖంగుమంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఖంగుమంది. ఆ శబ్దానికి నాగూరయ్య ఒళ్ళు పులకరించింది.

ఖాజా సాహెబు వచ్చి తానూ ఒక దెబ్బ వేశాడు. సుత్తి ఎగిరి వచ్చింది గానీ దిమ్మెకు ఏమీ కాలేదు. "అరె, పెద్ద పెద్ద ఇంజనీర్లకు రాని బుద్ధి నీకెట్ల వచ్చిందప్పా" అని కౌగిలించుకున్నాడు. సంగతి ఊళ్ళో పాకింది. ఫ్యాక్టరీల వాళ్ళు కూడా వచ్చి చూశారు. వాళ్ళ చెత్తగుట్టలు చూసి వాళ్ళే ఆశ్చర్యపోయారు. హౌజు మీద నాగూరయ్య పేరు చెక్కించాలని ఒకరన్నారు. ఇంకో వందేళ్ళకు కూడా ఊరు నీ పేరు చెప్పుకుంటుందని మరొకరన్నారు. పొగడ్త అలవాటు లేని కడుపు, ఎంత పోస్తే అంత తాగింది. వారం పాటు నాగూరయ్య నేల మీద నడవలేదు.

తాత ఆ దిమ్మెను కూడా ఎత్తుకుపోయి నీళ్ళకుండ కింద పెట్టుకున్నాడు. "ఊఁ" అన్నాడు.

ఊరంతా మెచ్చుకున్న తరవాత కూడా ఈ "ఊఁ" ఏమిటి? నాగూరయ్యకు కోపం వచ్చింది. తాత నోరు తెరిపించేంత పని చేసి చూపించాలనుకున్నాడు.

ఆ సాయంత్రం దర్గా గుమ్మటం చుట్టూ తిరుగుతూ తల పైకెత్తి చూశాడు. మూడొందల ఏళ్ళ నాటిదంటారు. ఒక్క పగులు లేదు. గానుగలో రుబ్బిన సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి కట్టారని ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే. ఎవరో అన్న వందేళ్ళు ఇప్పుడు నాగూరయ్యకు ఆనలేదు. తన హౌజు కూడా ఆ గుమ్మటంలా నిలవాలి. గుమ్మటానికి పనికొచ్చిన బెల్లం హౌజుకు పనికిరాకపోతుందా?

సిమెంటులో బెల్లం పోయకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. పోయాలన్న బుద్ధి ఎవరికీ పుట్టదు కాబట్టి చెప్పవలసిన పనీ ఎవరికీ పడలేదు.

హౌజు అడుగుకు మాలు కలిపే రోజున, ఉరుసు పరమాన్నానికని సుంకన్న దాచిన అచ్చు బెల్లం సగం తెచ్చి, నీళ్ళ గంగాళంలో కరిగించాడు. బిస్మిల్లా అని ఆ నీళ్ళే మాలుకంతా పోశాడు. మాలు ఎంతో మెత్తగా, తాపీకి అంటకుండా సాగింది. అంత నున్నగా అతను ఏ మేడకూ పరచలేదు. మంచి శకునం అనుకున్నాడు.

మరునాడు వేలు పెట్టి చూస్తే వేలు దిగబడింది. ఎండ తక్కువైందేమో అనుకున్నాడు. ఆ మరునాడూ దిగబడింది. మూడో పొద్దున అచ్చు చెక్కల అంచు పట్టి చూస్తే మాలు పచ్చిగానే చేతికి వచ్చింది. అలా ఎప్పుడూ చూడలేదు. సిమెంటు మంచిదే, కంకర మంచిదే. బెల్లం గుమ్మటం నాటిది. కొత్తది ఒక్కటే, రాతి ఇసుక.

జనానికి మళ్ళీ పని దొరికింది. మొన్న పొగిడిన నోళ్ళే, చెత్త పోస్తే చెత్త కాక ఏమవుతుందన్నాయి.

నాగూరయ్యకు ఏడుపు ఒక్కటే తక్కువ. దిమ్మె గట్టిపడింది కదా, తొట్టి ఎందుకు గట్టిపడలేదని ఒక్క క్షణం అనిపించకపోలేదు. కానీ సిగ్గు ఆలోచించనివ్వలేదు. నేరుగా ఖాజా సాహెబు ఇంటికి వెళ్ళాడు.

"ఆ రాయి ఇసుక కాదు సాహెబు. నా వల్ల కాలేదు. ట్రాక్టరు తెప్పించు."

"మరి తాత?"

"వంకా వద్దు, తాత మాటా వద్దు. నీ పని జరగనీ" అన్నాడు. అన్న తరవాత తన మాట తనకే కటువుగా వినిపించింది.

తిరిగి వచ్చేసరికి హౌజు దగ్గర తాత గొంతుక్కూర్చుని ఉన్నాడు. తొట్టి వైపు కాదు, నేల వైపు చూస్తున్నాడు.

"నాగూరూ, ఇట్ల రా."

నాగూరయ్య వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఈ చీమలు యాడికి పోతున్నట్టు?"

ప్రహరీ మొదట్లోంచి ఎర్ర చీమల బారు ఒకటి బయలుదేరి, గడ్డి దాటి, చెక్కల మీదికి ఎక్కి, అక్కడి నుంచి నీళ్ళు కలిపిన గంగాళం అంచు దాకా పోతోంది. పోయేవి పోతున్నాయి, వచ్చేవి వస్తున్నాయి.

"యాడికో పోతాయిలే తాతా" అన్నాడు నాగూరయ్య విసుగ్గా. వంక పోతుంటే చీమలు ఎవరికి కావాలి?

"సిమెంటు తినే చీమల్ని నేనెప్పుడూ చూడలే" అన్నాడు తాత. లేచి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా వెళ్ళిపోయాడు.

నాగూరయ్య చాలాసేపు చీమలను చూశాడు. తరవాత గంగాళం అంచు మీద వేలు రాసి నాలుక్కి తాకించాడు. తియ్యగా ఉంది.

అయినా తొందరపడలేదు. తొందరపాటు ఎక్కడికి తెచ్చిందో చూశాడు కదా. ఒకే పాళ్ళలో అదే సిమెంటు, అదే కంకర, అదే రాతి ఇసుక కలిపి రెండు ముద్దలు చేశాడు. ఒకదానికి బెల్లం నీళ్ళు, ఇంకోదానికి ఉత్త నీళ్ళు. రెండింటినీ పక్క పక్కన పెట్టి, వెంటనే ఖాజా సాహెబు ఇంటికి పరిగెత్తాడు. ఉరికి ఉరికి రొప్పుతూ, ట్రాక్టరును ఒక్క రోజు ఆపమన్నాడు.

మరునాడు ఉత్త నీళ్ళ ముద్ద రాయైంది. బెల్లం ముద్ద సుంకన్న సంకటిలా ఉంది.

"తప్పు రాతిది కాదు సాహెబు, నాది" అని రెండు ముద్దలూ ఖాజా సాహెబు ముందు పెట్టి జరిగిందంతా చెప్పాడు. చెప్పడం సులువేమీ కాలేదు. ఖాజా సాహెబు మొదట నోరు తెరిచాడు, తరవాత కడుపు పట్టుకుని నవ్వాడు. "పరమాన్నం హౌజులో వండినావంటప్పా" అన్నాడు. ఉరుసు నెల ఇంకా పుట్టలేదు కాబట్టి మాట మీద నిలబడి, ట్రాక్టరు వాణ్ణి వెనక్కి పంపాడు.

పాత మాలంతా గీకి తీయడం మళ్ళీ పోయడం కంటే పెద్ద పనైంది. తియ్యటి హౌజు అని ఊళ్ళో పాటగా అయిపోయింది. నాగూరయ్య మళ్ళీ బండ ముక్కలు నలగ్గొట్టాడు, జల్లించాడు, పాళ్ళు చూశాడు. ఈసారి మాలులో చెలమ నీళ్ళు తప్ప ఇంకేమీ పోయలేదు. చుట్టూ చేరి సలహాలు చెప్పేవాళ్ళుంటే, విన్నాడు గానీ ఆగలేదు.

పోసిన మరునాడే తాత వచ్చాడు. చెప్పులు విప్పి దాని మీదికి దిగాడు. ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాడు. కర్రతో అక్కడక్కడా తట్టి, తల వంచి విన్నాడు. గట్టిగా, నిండుగా పలికింది.

"ఊఁ" అన్నాడు.

నాగూరయ్య చేతిలో తాపీ ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

"తాతా, ఒక మాట అడగల్ల."

"అడుగు."

"సుంకన్న రొట్టెలో రాయి తగిలినా మంచి మాట చెప్తావు. నేనేం చేసినా ఊఁ అంటావు." చేతులకంటిన సిమెంటు దులుపుకుంటూ అన్నాడు. "నాకూ ఒక్క మాట చెప్తే ఏం పోతాది తాతా?"

వంటశాల వైపు నుంచి సుంకన్న గొంతు వినిపిస్తోంది. ఉరుసు పనికి వచ్చిన నలుగురికి ఏ కట్టెలు ఎక్కడ పేర్చాలో, ఏ గుండిగ ముందు ఎక్కించాలో పెద్దగా పురమాయిస్తున్నాడు.

"ఆ పొద్దు మాలులో బెల్లం ఎందుకు పోసినావు?" అని అడిగాడు తాత.

"గట్టిపడాలని."

"పడల్యా?"

"గుమ్మటానికి పోసినారు గదా తాతా. అది ఇన్నేండ్లు నిలబడింది గదా అని..."

"అది సున్నం. దానికి బెల్లం కావల్ల" అన్నాడు తాత.

అని వంటశాల వైపు ఒకసారి చూశాడు. తరవాత వంగి, పక్కనున్న నీళ్ళ కడవ రెండు చేతులా ఎత్తాడు. నాగూరయ్య అందుకోబోతే వద్దన్నట్టు తల ఊపాడు. కొత్త గచ్చు మీద ఆ నీళ్ళు తానే పోశాడు. తొందర లేకుండా, అంచులన్నీ తడిసేలా, మూలలు కూడా వదలకుండా పోశాడు.

"దీనికి నీళ్ళు చాలు."

నాగూరయ్య తాత ముఖం చూశాడు. తడిసి నల్లబడ్డ గచ్చును చూశాడు. తాత చేతిలోని ఖాళీ కడవ తీసుకుని, నీళ్ళ కోసం చెలమ దగ్గరికి నడిచాడు.